వంకర చిటికెన వేలు

ఎలీశమ్మ పెరట్లో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. తల తుంచడం, పొట్టు లాగడం, వీపు మీది నల్ల నరం గోటితో తీసెయ్యడం, ఒలిచిన రొయ్యను నీళ్ల గిన్నెలో పడెయ్యడం. ఎదురుగా గొంతుక్కూర్చుని కూతురు కెజియా కూడా అదే పనిలో ఉంది. గోడ మీద పిల్లి ఒకటి తన వాటా కోసం ఓపిగ్గా చూస్తోంది.

గిన్నెలో నీళ్లు ఎర్రబడటం కెజియాయే ముందు చూసింది.

"అమ్మా, నీ వేలు!"

"ఏ వేలు?"

రొయ్య ముక్కు ముల్లు ఎలీశమ్మ బొటనవేలి కొసలో దిగి, అక్కడే విరిగి ఉంది. రక్తం మణికట్టు దాకా జారింది. ఎలీశమ్మ దాన్ని ఎవరిదో వేలు చూసినట్టు చూసింది. అబ్బా అనలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నెప్పి లేదా?"

"ముసలి తోలు. మొద్దుబారింది. నీ పని చూసుకో."

కెజియా వినలేదు. తల్లి చేతిని ఒళ్లోకి లాక్కుని ముల్లు పీకింది. ఎలీశమ్మ ఉలకలేదు. నిరుడు ఆమె ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా రిటైరయింది. చీకటి గదిలో కూడా పసిబిడ్డ నరం దొరకబుచ్చుకుంటుందని చుట్టుపక్కల పాలేలన్నీ చెప్పుకున్న చేతులు అవి. ఒకసారి కాన్పుల బల్ల కమ్మీ పడి కుడిచేతి చిటికెన వేలు విరిగింది. అది వంకరగా అతుక్కుని, ఏ పని చేసినా పక్కకు విడిగా నిలబడుతుంది.

ఆ వేలి పక్కన కెజియాకు తన వేలు కనపడింది. తన చిటికెన వేలు కూడా సరిగ్గా అలాగే, అదే వంకరతో, పక్కకు నిలబడి ఉంది.

నిరుటి దాకా అది అలా లేదు.

"అమ్మా," అంది నెమ్మదిగా, "మా పాఠాల గ్లౌజులో ఉన్నది నీ చెయ్యేనా?"

ఎలీశమ్మ గిన్నెలో నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టింది. కూతురి వైపు తిరగకుండానే అంది:

"ఆ పిల్లికి తలకాయలెయ్యి. పొద్దుట్నుంచీ చూస్తా ఉంది."

*

కెజియా చదువుకున్నది ఊళ్లో బడిలో, తెలుగులో. నర్సింగ్ కాలేజీలో చేరిన మొదటి ఏడాది ఆమెకు గుర్తున్నదల్లా పైన గరగర తిరిగే ఫ్యాను, తెర మీద మారిపోయే ఇంగ్లీషు అక్షరాలు. మాస్టారు చదివేవారు, వీళ్లు రాసుకునేవారు. సాయంత్రం తన రాత తనకే అర్థమయ్యేది కాదు. అడగటానికి చెయ్యి ఎత్తాలంటే ఆ అడగటం కూడా ఇంగ్లీషులో ఉండాలి. మొదటి పరీక్షల్లో అన్నీ పోయాయి. ఇంటికొచ్చి పుస్తకాల సంచీ అటక మీద పెట్టేసింది.

ఎలీశమ్మ మర్నాడు చీర మార్చుకుని కాలేజీకి వెళ్లొచ్చింది.

కొన్నాళ్లకు కాలేజీలో ప్రయోగం మొదలైంది. చీట్లు తీసి క్లాసును రెండుగా విడగొట్టారు. సగం మందికి ఎప్పటిలా లెక్చర్లు. మిగతా సగానికి కలగలుపు చదువు. ఇంట్లో ఫోనులో తెలుగులో పాఠం వినాలి, చేతికి పాఠాల గ్లౌజు తొడుక్కుని సాధన చెయ్యాలి, వారంలో కొన్ని రోజులు వార్డుకు వచ్చి నిజం మనుషుల దగ్గర పని చెయ్యాలి, తరవాత క్లాసులో టీచరుతో కూర్చుని చేసినదాని గురించి మాట్లాడుకోవాలి. కెజియా చీటీ కలగలుపు బ్యాచ్‌లో వచ్చింది.

గ్లౌజు పాము కుబుసంలా పలచగా ఉండేది. మొదటిసారి తొడుక్కుని దిండు మీద చెయ్యి పెట్టగానే కెజియాకు ఒళ్లు జలదరించింది. దిండు కింద నరం కదిలింది. ఎవరో తన వేళ్లలో దూరి, మెల్లగా పట్టుకుని నడిపిస్తున్నట్టుంది. ఆ నరాన్ని రెండుసార్లు తట్టి, బొటనవేలితో నిమిరి, ఇక్కడే అని ఆగింది ఆ చెయ్యి. ఎవరో అనుభవమున్న నర్సు చేతుల్లోంచి తీసిన స్పర్శ అదని చెప్పారు. ఎవరని అడగకూడదట. ప్రయోగానికి అదొక నియమం.

ఎండలు ముదిరేసరికి కలగలుపు బ్యాచ్ పిల్లల చేతులు వార్డులో చకచకా ఆడాయి. లెక్చరు బ్యాచ్‌లో ఉన్న నాగూర్‌బీ, కెజియాకు ప్రాణ స్నేహితురాలు, క్యాంటీన్లో వీళ్లను చూసి పడీపడీ నవ్వేది.

"మీరంతా టీ గ్లాసు జమీందారుల్లా పట్టుకుంటారేందే? చిటికెన వేలు కింద పెడితే అరిగిపోయిద్దా?"

నిజమే. బ్యాచ్ అందరికీ ఆ వేలు వచ్చేసింది. అది కూడా నైపుణ్యంలో భాగమేననుకుని గ్లౌజు చేసినవాళ్లు ఉంచేశారు.

గ్లౌజు అంత బాగా పనిచేస్తుంటే ఇక మాటలెందుకని, టీచరుతో కూర్చునే గంటలు ఒక్కొక్కటే తగ్గించారు. ఎవరూ అడగలేదు. పరీక్ష రోజు నాగూర్‌బీ నరాల పేర్లన్నీ గడగడా చెప్పింది, సూది పట్టుకుంటే చెయ్యి వణికింది. కెజియా చెయ్యి వణకలేదు. సూది సుతారంగా దిగింది.

"ఈ నరాన్నే ఎందుకు ఎంచుకున్నావ్?" అని అడిగాడు పరీక్షకుడు.

కెజియా నోరు తెరిచింది. లోపల మాట లేదు.

"చెయ్యి ఎంచుకుందండీ," అంది చివరికి.

అందరూ నవ్వారు. మార్కులు మాత్రం నిండుగా వేశారు. బయటికొచ్చాక నాగూర్‌బీ భుజం మీద చెయ్యేసి, "నీకు చేతులొచ్చినయ్, నాకు నోరొచ్చింది. మనిద్దర్నీ కుట్టేస్తే ఒక నర్సు అయిద్ది," అంది.

ఆ మాట అప్పుడు నవ్వులాటగానే ఉండింది.

*

రొయ్యలు ఒలిచిన మర్నాడు కెజియా ప్రయోగశాలకు వెళ్లింది. ప్రయోగం నడిపే డాక్టర్ వసుమతి ఒకప్పుడు ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పిన మనిషి. గదిలో ఓ మూల మంచునీళ్ల తొట్టి, పక్కన స్టాండుకు వేలాడుతూ సన్నటి లోహపు తీగలతో అల్లిన పొడవాటి తొడుగులు రెండు ఉన్నాయి. చేపల వలల్లా ఉన్నాయనిపించింది కెజియాకు.

"మా అమ్మ చేతులు ఇందులో పెట్టారా మేడమ్?"

వసుమతి కాదనలేదు. కుర్చీ చూపించింది. కెజియా కూర్చోలేదు.

"చేతులు చల్లబడాలి, కెజియా. చల్లబడితేనే వేళ్ల కొసల్లో పుట్టే స్పర్శ మిగతా గోలలోంచి విడిగా వినపడుతుంది. అది మెదడుకు చేరేలోపు ఈ వల పట్టుకుంటుంది. చెలమలో నీళ్లు తోడినట్టు. తెల్లారేసరికి మళ్లీ ఊరుతుందనుకున్నాం. మొదట్లో ఊరింది."

"ఇప్పుడు?"

"ఊరడం లేదు."

"ఆమెకు చెప్పారా?"

"చెప్పాను. ఆపేద్దామని కూడా అన్నాను. ఆవిడే, 'ఇంకా చాలా పాఠాలున్నయ్ గదండీ, కానీండి' అంది."

వసుమతి బల్ల మీది టీ గ్లాసు ఎడమచేత్తో ఎత్తింది. గ్లాసులోంచి పొగ లేస్తోంది. ఆ వేడికి ఎవరైనా చెంగు అడ్డం పెట్టుకుంటారు. ఆమె ఉత్తచేత్తో గ్లాసు నడుం పట్టుకుని తాగింది.

"ముందు నా చేతితోనే మొదలుపెట్టాం. అందులో ఏమీ దొరకలేదు. ఇన్నేళ్లూ బల్ల వెనక నిలబడి పాఠాలు చెప్పాను గదా, చేతికి వచ్చిందేమీ లేదు. అప్పుడు మీ అమ్మ వచ్చింది. మా అమ్మాయి లెక్చర్లు అర్థంగాక చదువు మానేస్తానంటోంది, నేనేమన్నా పనికొస్తానా అని."

కెజియాకు అటక మీద పెట్టిన పుస్తకాల సంచీ గుర్తొచ్చింది.

"ఇంకేం మిగిలింది?"

"ఒక్క పాఠం. నిండుగర్భిణి పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవడం. అన్నిటికంటే సున్నితమైనది. దానికి వేళ్లే కాదు, అరచెయ్యి కూడా కావాలి." ఆగి, అబద్ధం ఆడటం ఇష్టం లేనట్టు అంది: "ఆ తరవాత రెండు చేతుల్లోనూ ఏమీ మిగలకపోవచ్చు. సోమవారం అనుకున్నాం."

"వద్దు."

"కెజియా, నా మాట విను. ఒక్క మనిషి చేతులు మొద్దుబారితే వేల మంది పిల్లల చేతులు మేల్కొంటాయి. నీలాంటి పిల్లలే. ఈ పాఠం లేకపోతే ప్రయోగం సగంలో ఆగినట్టు. కాలేజీ మళ్లీ ఆ లెక్చర్లకే పోతుంది. మీ బ్యాచ్ మళ్లీ మొదటికొస్తుంది. నీకేం కావాలో చెప్పు."

కెజియా సంచీలోంచి తన పాఠాల గ్లౌజు తీసి బల్ల మీద పెట్టింది.

"నేనిక తొడుక్కోను. నా మార్కులు తీసెయ్యండి. మా అమ్మ చేతులు తెగ్గోసుకుని నేను తొడుక్కుంటే వచ్చే చదువు నాకొద్దండీ."

అంత పెద్ద మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

*

ఇంట్లో రెండు రోజులు తల్లీకూతుళ్ల మధ్య కంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడో రోజు ఆదివారం. ప్రార్థన నుంచి వచ్చాక ఎలీశమ్మే అందుకుంది.

"గ్లౌజు తిరిగిచ్చేశావంట. మేడమ్ ఫోన్ చేసింది. బలుపు గాకపోతే ఏంది?"

"అవును, బలుపే."

"ఆ గ్లౌజు లేకపోతే ఫస్టియర్లోనే ఇంటికొచ్చి ఈ పాటికి రొయ్యల కంపెనీలో తలకాయలు తీస్తా ఉండేదానివి."

"తీస్తా ఉండేదాన్ని. ముల్లు గుచ్చుకుంటే నీ చెయ్యి గబుక్కున వెనక్కి వచ్చేది."

ఎలీశమ్మ గొంతు తగ్గించి అంది: "ఈ చేతులు రేపు మట్టిలోకి పోయేవే గదే. పనికొస్తే పోనీ. నాకు పాఠం చెప్పటానికి నోరు లేదు. నీకులాగా పుస్తకం లేదు. ఉన్నది ఇదే."

"నీకు నోరు లేదా?" కెజియాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఊరంతా నీ నోటికి జడుస్తారు!"

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. పక్కింటి సుభాషిణి, తొలిచూలు, తొమ్మిదో నెల. నడుం మీద చెయ్యి వేసుకుని ఆయాసపడుతూ వచ్చింది. వెనకే నాగూర్‌బీ, కెజియాకు నచ్చజెప్పమని ఎలీశమ్మే పిలిపించింది.

"పెద్దమ్మా, ఒకసారి చూడవా? పక్కటెముకల కింద ఏదో గుద్దతా ఉంది. నీ మనవడు పుట్టకముందే కర్రసాము నేర్చాడు," అంది సుభాషిణి.

ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. ఎలీశమ్మ అలవాటుగా రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి గట్టిగా రుద్దుకుంది. చల్లటి చెయ్యి తగిలితే తల్లి పొట్ట బిగుసుకుంటుందని, రుద్దుకోకుండా ఆమె ఏ పొట్టా ముట్టుకోదు. పైన, పక్కల, కింద తడిమింది. ఆలస్యమైంది. మళ్లీ తడిమింది.

"తల కిందే ఉంది. బానే ఉంది."

కెజియాకు ఎందుకో ఆ ఆలస్యం నచ్చలేదు. "నన్ను చూడనీ," అని చేతులు రుద్దుకుని ముందుకొచ్చింది. గ్లౌజు ఈ పాఠం నేర్పలేదు. వేళ్లు దారి తెలియక ఆగాయి.

"పైన చూడు ముందు," అంది నాగూర్‌బీ గోడకు ఆనుకుని. లెక్చరు పాఠం ఆమెకు నోటికి వచ్చు. "గట్టిగా, గుండ్రంగా ఉండి, అటూ ఇటూ నెడితే బంతిలా తేలేది తల. మెత్తగా, వెడల్పుగా ఉండి, నెడితే ఒళ్లంతా కలిసి కదిలేది పిరుదులు."

కెజియా పక్కటెముకల కింద రెండు చేతులూ ఆనించింది. గట్టిగా ఉంది. గుండ్రంగా ఉంది. మెల్లగా నెట్టింది. తేలింది.

"అమ్మా. తల పైన ఉంది."

ఎలీశమ్మ ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లలో ఆమె మాట తప్పు పోవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. సుభాషిణి కళ్లు పెద్దవి చేసుకుని ఒకసారి ఈమెను, ఒకసారి ఆమెను చూసింది.

ఎలీశమ్మ మంచం అంచున కూర్చుంది. చాలాసేపు తన వేళ్లకేసి చూసుకుంది. తరవాత కూతురి చేతుల మీద తన చేతులు పెట్టింది.

"నొక్కమాక. ఆయమ్మ గాలి వదిలేదాకా ఆగు. వదిలినప్పుడు పొట్ట నీకు చోటిచ్చిద్ది. ఆ, ఇప్పుడు లోపలికి. ఏం తగిలింది?"

"గట్టిగా ఉంది."

"బల్ల గట్టిదనమా, కొబ్బరికాయ గట్టిదనమా?"

"కొబ్బరికాయ."

"దాని కింద సన్నగా నొక్కు ఉందా? మెడ. పిరుదులకు ఆ నొక్కుండదు."

"ఉంది! ఉందమ్మా."

"కుడిపక్క చూడు. పలకలాగా సాపుగా వస్తే వీపు. గుబురు గుబురుగా వస్తే కాళ్లూ చేతులూ."

"ఇది వీపు."

"నాగూర్‌బీ, నువ్వేంది అట్టా నిలబడ్డావ్? ఇట్రా. పాఠం చెప్పిన నోరు చేత్తో కూడా చెప్పాలి. ఆ చెయ్యి ఇటివ్వు. వణికితే వణకనీ, నేను పట్టుకుంటా."

పొట్ట చుట్టూ చేతులు పేర్చి ముగ్గురూ వంగారు. ఎలీశమ్మ మాట్లాడుతూనే ఉంది. నోరు లేదన్న మనిషి అలా ఆగకుండా మాట్లాడటం కెజియా ఎన్నడూ చూడలేదు. తేలే తల ఎందుకు తేలుతుందో, ఎప్పుడు తేలదో, తల్లి భయపడితే పొట్ట ఎలా అబద్ధం చెబుతుందో, అన్నీ. గ్లౌజులో ఇవేవీ లేవు. లెక్చర్లోనూ లేవు.

ఉన్నట్టుండి లోపలి పిల్ల గట్టిగా తన్నింది. కెజియా చెయ్యి ఎగిరింది. పైనున్న ఎలీశమ్మ అరచెయ్యి కూడా ఎగిరింది.

"తెలిసిందా అమ్మా?"

ఎలీశమ్మ అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"అయ్యో, నా పొట్టను బడి చేశారు గదే!" అంది సుభాషిణి. "ఇంతకీ నా బిడ్డ బాగుందా?"

"బాగుంది. ఎదురు తిరిగి కూర్చుంది, అంతే. మీ ఆయన పోలిక," అంది ఎలీశమ్మ. "రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి పోవాలి. స్కానింగు తీస్తారు. కాన్పు అక్కడే, ఇంకెక్కడా ఒప్పుకోమాక."

"నువ్వు వస్తావుగా పెద్దమ్మా?"

ఎలీశమ్మ కూతురి వైపు చూడకుండా చీర సర్దుకుంది.

"రేపు నాకు పనుంది. కెజియా వచ్చిద్ది."

*

సోమవారం పొద్దున్నే కారు వచ్చి వాకిట్లో ఆగింది. వసుమతి తనే వచ్చింది. వరండాలో కుర్చీ వేశారు. ఎలీశమ్మ లోపల గదిలో ఉంది.

"సిస్టర్," అని లోపలికి వినపడేలా పిలిచింది వసుమతి, "చేతులకు వేడి తగలనివ్వలేదుగా? రుద్దుకోకండి. రుద్దుకుంటే ఇవాళ్టికి వల పట్టదు."

"గుర్తుందండీ," అంది లోపలి గొంతు.

కెజియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నిన్న జరిగిందంతా చెప్పింది. వసుమతి మధ్యలో ఆపకుండా వింది.

"మా అమ్మను క్లాసుకు రమ్మనండి మేడమ్. గ్లౌజు ఉంచండి, ఫోను పాఠాలు ఉంచండి. మీరు కోసేసిన ఆ మాటల గంటలు తిరిగివ్వండి. చేతి మీద చెయ్యి పెట్టి చెప్పిద్ది."

"ఒక్కొక్కరి చేతి మీద ఒక్కొక్కసారి?" వసుమతి గొంతులో ఎకసెక్కం లేదు, అలసట ఉంది. "ఎంతమందికి చెబుతుంది? ఎన్నేళ్లు పడుతుంది?"

"పట్టనివ్వండి. ఆమె మాకు చెబితే మేం ఇంకొకళ్లకు చెబుతాం."

"అంతదాకా ప్రయోగం మీద తీర్పు చెప్పే కమిటీ ఆగదు, అమ్మాయ్. ప్రయోగం విఫలమైందని రాసేస్తారు. రేపట్నుంచి మళ్లీ తెర మీద ఇంగ్లీషు. నువ్వు తట్టుకోలేవు."

"పోయినసారి చెయ్యి ఎత్తటానికి భయపడ్డాను," అంది కెజియా. "ఈసారి ఎత్తుతాను. తెలుగులోనే అడుగుతాను. చెప్పేదాకా కూర్చోను. నాగూర్‌బీ కూడా లేస్తుంది. మా చిటికెన వేళ్లు చూశారుగా, క్లాసులో సగం మందికి ఉన్నయ్. అందర్నీ లేపుతాను."

వసుమతి తన ఎడమచేతి వంక చూసుకుంది.

లోపల తలుపు చప్పుడైంది. ఎలీశమ్మ బయటికొచ్చింది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది, జుట్టు బిగించి ముడేసుకుంది. ముల్లు గుచ్చుకున్న బొటనవేలికి కట్టు అలాగే ఉంది. వసుమతి లేచి మెట్లు దిగి కారు తలుపు తెరిచి పట్టుకుంది. కెజియా గుమ్మంలోంచి కదల్లేదు. ఎలీశమ్మ కూతురి భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది. కెజియా కళ్లు మూసుకుంది.

చెప్పులు తొడుక్కున్న చప్పుడు. మెట్లు దిగిన చప్పుడు. తరవాత ఇంకో చప్పుడు, ఎండిన ఆకుల్ని నలిపినట్టు.

కెజియా కళ్లు తెరిచింది.

తెరిచి ఉన్న కారు తలుపు దాటి ఎలీశమ్మ నడిచిపోతోంది. వెనక్కి చూడలేదు. పక్కింట్లో సుభాషిణి ఆసుపత్రి సంచీ పట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తోంది. ఎలీశమ్మ ఆ వైపే, చిటికెన వేలు పక్కకు నిలబెట్టి, రెండు అరచేతులూ గట్టిగా, వేడి పుట్టేలా రుద్దుకుంటూ వెళ్లిపోయింది.